నిలకడ లేని సైన్సు

సైన్సు మాట నమ్మి పిల్లలకి ఏదీ నేర్పకూడదని నాకు 2006లోనే తెలిసొచ్చింది. 1930లో కనిపెట్టి, 76 ఏళ్లు గ్రహమని చెప్పి, మా చేత బట్టీ పట్టించి, చెప్పలేనివాళ్ల చేత గోడకుర్చీ వేయించిన ప్లూటోని ఆ ఆగస్టు 24న ప్రాగ్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు ఓట్లేసి తీసేశారు. వార్డు మెంబర్ని దించాలన్నా ముందు నోటీసివ్వాలి. పోనీ, మా గోడకుర్చీల సంగతేమిటి?

సిరీస్ అనే చిన్న గోళానిదీ అదే గతి. 1801లో గ్రహం, తర్వాత గ్రహశకలం, ఇప్పుడు మరుగుజ్జు గ్రహం. మా ఎమ్మెల్యే గారు కూడా ఇన్ని పార్టీలు మారలేదు.

మా పెదనాన్నగారి శాస్త్రం అలా కాదు. తొమ్మిదంటే తొమ్మిదే. కాకపోతే ఆ తొమ్మిదిలో సూర్యుడూ చంద్రుడూ ఉంటారు, ఒళ్లే లేని రాహుకేతువులుంటారు, భూమి మాత్రం ఉండదు. "భూమి లేదేం తాతయ్యా?" అని మావాడు అడిగాడు.

"నువ్వు నిలబడ్డ చోటు నిన్నెందుకు పీడిస్తుందిరా?" అన్నారు. మా కాలనీ రోడ్లు ఆయన చూసినట్టు లేదు.

ఆర్యభటుడనే ఆయన 499లోనే భూమి తిరుగుతోందనీ, గ్రహణమంటే నీడ తప్ప మరేం కాదనీ అన్నాడు. 628లో బ్రహ్మగుప్తుడు ఆయన్ని ఉతికి ఆరేశాడు. మనవాళ్లూ ఒకరి లెక్క ఒకరు దిద్దుకున్నారని తెలిస్తే పెదనాన్నగారికి బీపీ పెరుగుతుంది. ఈ పేరా ఆయనకి చదివి వినిపించకండి.

2025 సెప్టెంబరు 7, ఆదివారం, సంపూర్ణ చంద్రగ్రహణం. సాయంత్రానికే పెద్దమ్మ ఆవకాయ జాడీ మీద ఒక దర్భ, ఇడ్లీ పిండి గిన్నెలో ఒకటి, పెరుగులో ఒకటి వేసింది. ఫ్రిజ్‌కి ఎక్కడ పెట్టాలో తెలియక హ్యాండిల్‌కి చుట్టింది. పంచాంగంలో పట్టు రాత్రి 9:57, విడుపు 1:26. ఫోన్ తీసి నాసా లెక్కని మన టైములోకి మార్చి చూశాను. 9:57, 1:26.

గర్వంతో ఒళ్లు పులకరించింది. వెంటనే సిద్ధాంతిగారికి ఫోన్ చేశాను.

"అయ్యా, మన పూర్వ పద్ధతిలో నిమిషం కూడా తేడా రాలేదండీ!"

"గ్రహణాలకి పూర్వ పద్ధతి కాదు నాయనా, దృక్ గణితం వాడతాం. ఇప్పటి లెక్కలే."

"మరి తిథులకో?"

"వాటికి పూర్వ పద్ధతే. మార్చకూడదు."

"అదేంటండీ?"

"తిథి ఎవరికి కనిపిస్తుంది నాయనా? గ్రహణమైతే ఊరంతా మేడెక్కి చూస్తుంది."

పెదనాన్నగారికి ఈ సంగతి చెబుదామని లోపలికి వెళ్లాను. ఆయన ఫోన్‌లో 1:26కి అలారం పెట్టుకుంటున్నారు. విడుపు స్నానానికి గీజరు ఆన్ చేసి ఉంచమన్నారు.