సౌలు పేరు ప్రభువు మార్చలేదండి
మొదట యేసు శిష్యుల్ని హింసించి, తర్వాత యేసు గురించి బోధించినవాడైన సౌలుకి దమస్కు దారిలో ప్రభువైన యేసే ఆ పేరు తీసేసి పౌలు అని పెట్టాడని ఆర్టికల్‌లో రాశారు, అది మాత్రం ఒప్పుకోలేను. చిన్నప్పుడు సండే స్కూల్లో నాకూ ఇదే చెప్పారు, చాలా ఏళ్లు అదే నమ్మాను, తర్వాత అమ్మమ్మ బైబిల్లో అపొస్తలుల కార్యములు పుస్తకం వరసగా చదువుతుంటే ఎక్కడా కనపడలేదు. 9వ అధ్యాయంలో సౌలు వెలుగు చూసి పడిపోయాక, దమస్కులో ఉన్న అననీయ అనే శిష్యుడు వచ్చి ఆయన మీద చేతులుంచి పిలిచింది కూడా "సౌలా, సహోదరుడా" అనే కదా. పౌలు అనే పేరు మొదట కనపడేది 13:9లో, కుప్ర (సైప్రస్) దీవిలోని పాఫు ఊళ్లో, అక్కడ కూడా "పౌలు అనబడిన సౌలు" అనే ఉంది, అంటే రెండు పేర్లూ ముందునుంచే ఉన్నాయని, ఒకటి యూదుల పేరు ఇంకోటి రోమా పేరు, ఆయన పుట్టుకతోనే రోమా పౌరుడు కాబట్టి. దేవుడు అబ్రాము పేరు మార్చి అబ్రాహాము చేసినట్టు ఇది కాదు. పత్రికల్లో, అంటే బైబిల్లో ఉన్న తన ఉత్తరాల్లో, ఆయన తనని పౌలు అనే చెప్పుకున్నాడు, సౌలు అని ఒక్కచోట కూడా లేదు. ఇంకోటి, పేరు సంగతి కాదు గానీ, రోమా పత్రిక పౌలు చెప్తుంటే చేత్తో రాసింది తెర్తియు అనే ఆయన, 16:22లో ఆ తెర్తియే మధ్యలో వందనాలు చెప్తాడు, అది చదివినప్పుడల్లా ఆ గదిలో కూర్చున్నట్టే ఉంటుంది నాకు. గలతీయులకు రాసిన పత్రిక చివర్లో అయితే చూడండి ఎంత పెద్ద అక్షరాలతో నా చేత్తో రాస్తున్నానో అంటాడు పౌలు.