అయ్యా వెలివేత గారూ, ఒక్కసారి ఇటు తిరుగుతారా

క్లింగాన్ మహాసభలో తరతరాలుగా కొలువుదీరి ఉన్న వెలివేత గారికి,

మీకు ఉత్తరం రాయడంలో ఒక చిక్కుంది. మీరు ఎవరికీ ముఖం చూపించరు. అందుకని మీ వీపుకే రాస్తున్నాను, తీరిక దొరికినప్పుడు ఎవరిచేతైనా చదివించుకోండి.

మిమ్మల్ని ఎరగని వాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. స్టార్ ట్రెక్ అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ కథల్లో క్లింగాన్లు యోధజాతి. నుదుటి మీద గట్లు, చేతిలో బాట్‌లెత్ అనే వంకర కత్తి, నోరు తెరిస్తే పరువు. వాళ్లలో ఒకడు పరువు తప్పాడని మహాసభ తేలిస్తే కత్తి దూయక్కర్లేదు. సభ్యులంతా ఛాతీ మీద చేతులు అడ్డంగా పెట్టుకుని ఒక్కొక్కరే వెనక్కి తిరిగిపోతారు. అదే మీరు, వెలివేత. అంతే, పని అయిపోయింది. ఆ క్షణం నుంచి వాడికి పరువు లేదు, వాడి ఇంటి పేరుకు లేదు, ఇంకా పుట్టని పిల్లలకు కూడా లేదు. పైసా ఖర్చు లేని శిక్ష, మెడ కాస్త పట్టేస్తుందేమో అంతే.

మీ సర్వీసు రికార్డు తీరిగ్గా తిరగేశాను. ద్రోహం చేసినవాళ్ల కంటే ద్రోహం సంగతి తెలిసినవాళ్ల మీదే మీ చెయ్యి ఎక్కువగా పడింది. చెయ్యి కాదులెండి, వీపు.

1990లో వచ్చిన ఎపిసోడ్‌లో వార్ఫ్ అనే క్లింగాన్ కేసే చూడండి. ఖిటోమర్ అనే క్లింగాన్ స్థావరం మీద వాళ్ల శత్రుజాతి రోములన్లు దాడిచేసి దాదాపు 4,000 మంది క్లింగాన్లను చంపారు. వాళ్లకు తలుపులు తీసింది జారోడ్. కానీ అతని కొడుకు డ్యూరాస్ మహాసభలో పెద్ద తలకాయ, ఆ ఇంటి జోలికెళ్తే సామ్రాజ్యం రెండు ముక్కలవుతుందని ఛాన్సలర్ కెంపెక్‌కు భయం. మరి నేరం ఎవరి నెత్తిన రుద్దాలి? ఆ దాడిలోనే చచ్చిపోయిన మోగ్ ఉన్నాడుగా. చచ్చినవాడు కాదనడు, అతని కొడుకు వార్ఫ్ ఎక్కడో స్టార్‌ఫ్లీట్‌లో, అంటే మనుషులూ ఇతర జాతులూ కలిసి నడిపే అంతరిక్షదళంలో ఉద్యోగం చేసుకుంటున్నాడు, వాడేం వచ్చి నిలదీస్తాడులే అనుకున్నారు. వాడు వచ్చాడు. అతని ఓడ కెప్టెన్ పికార్డ్ సాక్షిని కూడా పట్టుకొచ్చాడు. అప్పుడు మీ ఛాన్సలర్ గారు నిజం తెలిసి కూడా బేరం పెట్టారు, తమ్ముడి ప్రాణం దక్కాలంటే, సామ్రాజ్యం నిలవాలంటే నువ్వే వెలి పడమని. వార్ఫ్ ఒప్పుకున్నాడు.

ఆ సభలో మీ పని తీరు దగ్గర నుంచి చూడాలి. అందరూ తిరిగిపోయాక తమ్ముడు కర్న్ ఒక్కడే అన్న ఎదురుగా మిగిలాడు. అతనూ మోగ్ కొడుకేనని సభకు తెలియనివ్వకూడదు, తెలిస్తే ప్రాణం దక్కదు. కాబట్టి తమ్ముణ్ణి తిరగమన్నది కూడా వార్ఫే. అంటే ఆ గదిలో పరువున్న ఇద్దరిలో ఒకడు వెలి పడ్డాడు, రెండోవాడు వెలి వెయ్యాల్సి వచ్చింది. డ్యూరాస్ మాత్రం దర్జాగా చేతులు అడ్డంపెట్టుకుని తిరిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాణ్ణయినా పట్టుకోవచ్చు, మీ సభలో దొంగకు వెనక్కి తిరిగే వీలు కల్పించింది మీరే కదండీ!

పరువు మళ్లీ ఇచ్చారుగా అంటారేమో. ఇచ్చారు, ఎలా ఇచ్చారో కూడా గుర్తుంది. 1991లో వచ్చిన కథలో గౌరాన్ అనేవాడు ఛాన్సలర్ కాబోతున్నాడు. న్యాయం చెయ్యమని వార్ఫ్ అడిగితే మొదట కుదరదన్నాడు, ఈ అబద్ధంలో చాలామందికి వాటా ఉందట. తర్వాత అంతర్యుద్ధం ముంచుకొచ్చి కర్న్ వెనక ఉన్న యుద్ధనౌకలు అవసరమయ్యేసరికి న్యాయం టక్కున గుర్తొచ్చింది. వార్ఫ్ కత్తి అంచును వట్టి చేత్తో పట్టుకోవడం, మోగ్ కుమారుడా అని పిలుపు, ఎంత గంభీరంగా ఉంటుందో ఆ సీను! ఒక ఇంటి పరువుకు ఇన్ని ఓడలు అని మారకం రేటు ఏదో ఉన్నట్టుంది, దాన్ని సభ గుమ్మంలో బోర్డు కడితే బాగుండేది.

నాలుగేళ్లకు ఆ రేటు మళ్లీ పడిపోయింది. కార్డాసియా అనే పరాయి రాజ్యం మీద దండయాత్రకు రమ్మని గౌరాన్ పిలిచాడు, ఇది అన్యాయం, రానన్నాడు వార్ఫ్. ఇంటి భూములు పోయాయి, ఓడలు పోయాయి, మహాసభలో కర్న్ కూర్చునే కుర్చీ పోయింది. అన్న నోరు తెరిచినందుకు తమ్ముడు రోడ్డున పడ్డాడు. 1996లో ఆ కర్న్ తప్పతాగి అన్న దగ్గరికొచ్చి నీ చేత్తో నన్ను చంపెయ్ అని అడుగుతాడు, మీ ఆచారంలో దానికీ ఓ తంతు ఉంది. వార్ఫ్ కత్తి దింపాడు కూడా, తోటి ఆఫీసరు డాక్స్ సమయానికి వచ్చి అడ్డుపడబట్టి బతికాడు. చివరికేం చేశారు? అతని జ్ఞాపకాలు చెరిపేసి, కొత్త ముఖం, కొత్త పేరు పెట్టి వేరే ఇంటికి కొడుకుగా పంపారు. వెళ్తూ వెళ్తూ అతను వార్ఫ్‌ని అడుగుతాడు, మీరు మా కుటుంబం వాళ్లా అని. తనకు కుటుంబం లేదంటాడు వార్ఫ్. మీ ఖాతాలో ఇది ఏ పద్దు కింద రాసుకున్నారో కొంచెం చెప్పండి.

ఖిటోమర్ ఖైదీల సంగతి ఇంకో కథ. కొందరు క్లింగాన్లు అక్కడ స్పృహ తప్పి రోములన్లకు దొరికిపోయారు. ప్రాణాలతో పట్టుబడ్డారంటే పరువు పోయినట్టే, ఆ మచ్చ ఇంటి దగ్గరున్న పిల్లలకు అంటకూడదని వాళ్లు తిరిగి రాలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఆ ఖైదు శిబిరాన్నే ఊరు చేసుకుని, అక్కడే పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని కన్నారు. గోడ బయట కాపలా కాసింది రోములన్లే అనుకుంటారు అందరూ, అసలు కాపలాదారు మీరు. అంత దూరం వెళ్లకుండానే డ్యూటీ చేశారు, మెచ్చుకోవాలి.

మీరు న్యాయంగా పనిచేసింది ఒకే ఒక్కసారి చూశాను, 1994లో. అప్పుడు కూడా మీకు దారి చూపింది క్లింగాన్ కాదు, క్వార్క్ అనే ఫెరెంగీ, అంటే లాభమే లోకమనుకునే వ్యాపారజాతివాడు, బార్ నడుపుకునేవాడు. డిగోర్ అనేవాడు గ్రిల్కా కుటుంబాన్ని డబ్బు కుట్రతో ముంచాడని క్వార్క్ లెక్కలన్నీ సభ ముందు పెట్టాడు. మహాయోధులందరూ ఆ అంకెలున్న పలకలు చేతిలో పట్టుకుని కళ్లు చిట్లించి, తల గోక్కుని, విసుక్కున్న తీరు చూస్తే కడుపు చెక్కలవుతుంది. మోసం రుజువైనా ఎవరి వీపూ కదల్లేదు! ఆ తర్వాత ద్వంద్వయుద్ధంలో క్వార్క్ కత్తి కింద పారేసి, చంపుకోండి, కాకపోతే దీన్ని యుద్ధం అనకండి అన్నాక, ఆయుధం లేనివాణ్ణి డిగోర్ నరకబోయాక గానీ మీకు చలనం రాలేదు. అంటే కొంపలు ముంచితే ఫర్వాలేదు, చూడ్డానికి బాగోకపోతేనే తప్పు.

ఇది ఈమధ్య పట్టిన జబ్బు కాదు. వార్ఫ్‌కు రెండు వందల ఏళ్ల ముందు కథగా 2003లో వచ్చిన ఎపిసోడ్‌లో కోలోస్ అనే ముసలి న్యాయవాది ఇదే గోల పెడతాడు. వాళ్ల నాన్న టీచరు, అమ్మ జీవశాస్త్రం చదివింది. ఒకప్పుడు సమాజంలో అందరూ ఉండేవాళ్లు, ఇప్పుడు పిల్లలు ఆయుధం ఎత్తగలిగితే చాలు యోధులం అంటున్నారు అని బాధపడతాడు. ఆ మాట న్యాయస్థానంలో గట్టిగా అన్నందుకు రూరా పెంథే మంచుగనుల్లో ఏడాది శిక్ష. లాయరును జైలుకు పంపిన కేసుల్లో నాకు తెలిసి ఇంత వేగంగా తీర్పొచ్చింది ఇంకోటి లేదు.

మార్టాక్ ఉన్నాడు చూడండి, అతన్ని వెలి వెయ్యాల్సిన పని కూడా పడలేదు. కేథా పల్లపు ప్రాంతంలో మామూలు ఇంట్లో పుట్టాడు, ఆఫీసరు ఉద్యోగానికి దరఖాస్తు పెడితే కోర్ అనే ఘనమైన వంశస్థుడు పుట్టుక చూసి కొట్టేశాడు. మీకు దూరపు చుట్టం అవుతాడనుకుంటా ఆ కోర్. 1999 వచ్చేసరికి, రెండుసార్లు పరువు పోగొట్టుకున్న వార్ఫ్ గౌరాన్‌ను ద్వంద్వయుద్ధంలో చంపి, తన భుజాల మీదకొచ్చిన ఛాన్సలర్ అంగీని తీసి ఆ మార్టాక్‌కే వేశాడు. మీరు వద్దన్న ఒకడు, దరఖాస్తు దగ్గరే ఆగిపోయిన ఇంకొకడు, వీళ్లిద్దరూ కలిసి సామ్రాజ్యాన్ని ఒడ్డున పడేశారు. ఆ టైంలో పరువు నిండా ఉన్న మీ సభ్యులు ఏం చేస్తున్నారో చెప్పగలరా? గౌరాన్ తన గొప్ప కోసం పనికిరాని యుద్ధాలకు సైన్యాన్ని తోలుతుంటే తలూపుతున్నారు.

మిమ్మల్ని రద్దు చెయ్యమని నేను అడగను, పెద్దవారు, ఎక్కడికెళ్తారు పాపం. ఒక చిన్న ఏర్పాటు మాత్రం చెయ్యండి. ఇకమీదట ఎవరికైనా వీపు చూపించే ముందు, ఆ గదిలో ముందుగా తిరగడానికి తొందరపడుతున్నవాడి లెక్కలు ఒకసారి తీయించండి. మీవాళ్లకు అంకెలంటే నిద్రొస్తుందని తెలుసు, ఆ ఫెరెంగీ బార్‌వాణ్ణే పిలిపించుకోండి. ఫీజు మాత్రం ముందే ఇవ్వాలి, పరువు ఇస్తామంటే తీసుకోడు.

ఇట్లు,
మీ వీపు వెనకాలే నిలబడ్డ ఒక అభిమాని