అద్దాలు పెట్టి, ఆ అద్దాలకు తెరలు కట్టిన బ్యాంకు

మా వీధి చివరి గవర్నమెంట్ బ్యాంకు కొత్త బిల్డింగులోకి మారింది. ముందువైపంతా నీలి అద్దాలే. మొన్న ఏప్రిల్‌లో పదకొండు గంటలకు వెళ్తే లోపల తెరలన్నీ దించేసి ఉన్నాయి. నడిపొద్దున లైట్లన్నీ వెలుగుతున్నాయి, ఏసీలు హోరెత్తుతున్నాయి. వెలుతురు కోసం అద్దాలు, ఎండ తట్టుకోలేక తెరలు, తెరలు వేసినందుకు లైట్లు! తిరుపతి ఎండ గురించి ఆ ప్లాన్ గీసినవాళ్లకు ఎవరూ చెప్పలేదేమో.

గేటు దగ్గర రెండు కానుగ చెట్లుండేవి. కెమెరాకు అడ్డమని కొట్టేశారట. గన్‌మ్యాన్‌ని అడిగితే, "ఏం చేసేది మేడమ్, ఇప్పుడు కెమెరాకు రోడ్డంతా బాగా కనపడతాది, ఈడ నిలబడే మనిషే లేడు" అన్నాడు. కింది కొమ్మలు నరికి, కెమెరాను నాలుగడుగులు జరిపితే సరిపోయేది. భద్రత పేరు చెబితే చాలు, ముందు చెట్టు మీదే పడతారు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. భద్రతకు, చల్లదనానికి పోటీ ఉందని మనవాళ్లు అనుకుంటారు. పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేని చంద్రగిరికి వెళ్లి రాజమహల్ చూడండి. రాయి, ఇటుక, సున్నంతో మూడంతస్తులు కట్టారు, కలప వాడలేదు. మే నెల మధ్యాహ్నం బయటినుంచి లోపలికి అడుగుపెడితే తేడా ఒంటికే తెలుస్తుంది. రాతి గోడలు కట్టమని నేననడం లేదు. దొంగకు అడ్డమయ్యే మందపు గోడే ఎండకూ అడ్డమవుతుంది, అంతే. అద్దం రెంటికీ పనికిరాదు. అందుకే దాని వెనక ఇనుప గ్రిల్, దాని వెనక తెర.

బ్యాంకులో కిటికీ అక్కర్లేని గదులు ఎన్ని లేవు! రికార్డు రూము, మెట్లు, బాత్‌రూములు పడమటి వైపు పెడితే సాయంత్రపు ఎండ వాటి మీదే ఆగిపోతుంది. స్ట్రాంగ్ రూము మధ్యలోకి వస్తుంది, చుట్టూ నడవా ఉంటే గస్తీకీ సులువు. ఉత్తరం కిటికీల దగ్గర కౌంటర్లు వేస్తే పగలు లైటు అవసరం తగ్గుతుంది, కొండ కూడా కనిపిస్తుంది. డాబా మీద తెల్లటి కూలింగ్ టైల్స్, సోలార్ ప్లేట్లు, కింద ఇంకుడు గుంత. ఇందులో కొత్త విద్య ఏదీ లేదు.

అసలు సంగతి లాకర్లు. ఎక్కడున్నాయంటే మేనేజర్ గారు నవ్వుతూ, "సెల్లార్‌లో మేడమ్, చల్లగా ఉంటుంది" అన్నారు.

సెల్లార్‌లో! 2021 నవంబరు వరదను అప్పుడే మర్చిపోయామా? కపిలతీర్థం దగ్గర నీళ్లు ఎలా దూకాయో, అలిపిరి మెట్లు ఏరులా ఎలా మారాయో ఊరంతా ఫోన్లలో చూసింది. ఆ నీళ్లు మెట్లతో ఆగలేదు, వీధుల్లోకీ వచ్చాయి.

2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, దొంగతనం, అగ్నిప్రమాదం, భవనం కూలడం లాంటివాటిలో బ్యాంకు లోపం వల్ల సొత్తు పోతే ఏడాది అద్దెకు వంద రెట్లు దాకా బాధ్యత. అద్దె 3,000 అయితే 3 లక్షలన్నమాట. ఈ రోజు బంగారం ధరకు అది ఏ మూలకు? వరద లాంటి ప్రకృతి విపత్తు అయితే అదీ లేదు. కాకపోతే అలాంటి విపత్తుల నుంచి లాకర్లను కాపాడటానికి తగిన జాగ్రత్త తీసుకోవాలని అదే నిబంధన చెబుతుంది. కొండ కింది ఊర్లో లాకర్లను భూమిలోకి దించడం ఏ జాగ్రత్త కిందికి వస్తుందో నాకైతే అర్థం కాలేదు.

అమ్మ కాసులపేరు ఆ సెల్లార్‌లోనే ఉంది. వానాకాలం లోపల లాకర్లు పై అంతస్తుకు మార్చండి, గేటు దగ్గర రెండు కానుగ మొక్కలు నాటండి అని కాగితం రాసిచ్చాను. స్టాంపు వేసి ఒక కాపీ నా చేతిలో పెట్టారు.