నైట్రిక్ ఆక్సైడ్ గ్యాస్‌ని టక్కున ఆపకూడదని కూడా రాయండి
గుండె ఆపరేషన్ తర్వాత గుండె కుడి వైపు ఫెయిలైతే పీల్చే మందులిస్తారని రాశారు కదా, మా అమ్మకి అదే చేశారండి. మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమ వైపు రెండు గదుల మధ్య కవాటం) మార్చి, ఆపరేషన్ టైంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే బైపాస్ మెషిన్ నుంచి తీస్తుంటే ఊపిరితిత్తుల ప్రెషర్ పెరిగిపోయి కుడి జఠరిక (ఊపిరితిత్తులకి రక్తం పంపే గుండె గది) ఉబ్బిపోయిందంట, అప్పుడు వెంటిలేటర్ గొట్టంలోకే నైట్రిక్ ఆక్సైడ్ గ్యాస్ కలిపారు, 20 పీపీఎం (పది లక్షల భాగాల్లో 20). నరంలోకి ఎక్కించే మందైతే ఒళ్లంతా రక్తనాళాలు సడలి బీపీ పడిపోవచ్చు, ఇదేమో ఊపిరితిత్తుల్లోని రక్తనాళాల్ని సడలించి రక్తంలోకి రాగానే హిమోగ్లోబిన్ పట్టేసుకుంటది, అందుకే బీపీని అంతగా లాగదు. కానీ దీన్ని టక్కున ఆపితే ప్రెషర్ మళ్లీ ఎగదన్నుద్ది, అది గట్టిగా రాయాల్సింది. అమ్మకి 20 నుంచి 10, 5, చివరికి 1 దాకా దించుతూ సిల్డెనాఫిల్ (ఇది కూడా ఊపిరితిత్తుల రక్తనాళాల్ని సడలించేదే) మాత్ర పొడి చేసి రైల్స్ ట్యూబ్‌లో, అంటే ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టంలో వేశారు. యూరిన్ బ్యాగ్ నిండటం చూశాకే నాకు ప్రాణం లేచొచ్చింది.