మా ఇంటి దిష్టిబొమ్మ గారికి విన్నపం

మహారాజశ్రీ దిష్టిబొమ్మ గారి సముఖానికి,

పర్లాకిమిడి నుంచి, ఇంకా తలుపులు లేని ఇంటి యజమాని నమస్కరించి వ్రాయునది. (గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం పోరాడిన ఊళ్ళో ఉంటూ ఇంతకుమించి గ్రాంథికం రాస్తే బాగోదు. ఇక్కడితో ఆపేస్తున్నాను.)

శంకుస్థాపన నాడు మిమ్మల్ని వెదురు కర్రకు కట్టి నిలబెట్టాం. మా తమ్ముడి పాత కాలేజీ చొక్కా, లోపల ఎండుగడ్డి, తలకాయకు మట్టికుండ, దానిమీద సున్నంతో కోరలు, బొగ్గుతో మీసం, మెడలో తెగిన చెప్పు. ఆనాటి నుంచి ఈ స్థలంలో సెలవు పెట్టకుండా డ్యూటీ చేస్తున్నది మీరొక్కరే. అయినా నా పేచీ మీతోనే. దిష్టి తగలకుండా కాయమని మిమ్మల్ని పెట్టాం. రోడ్డున పోయేవాళ్ళు మా ఇంటిని చూసి "అయ్యో పాపం, ఇంకా అవలేదా" అంటున్నారు. దిష్టికైతే మీరున్నారు, ఈ జాలికి విరుగుడు ఎవరండీ?

మీకు తెలియంది కాదు, ఇది ఇంటిల్లిపాదీ కోరి కట్టించుకుంటున్న ఇల్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా పాతింటి రేకులు ఎగరేసుకుపోయాక, కడితే స్లాబే కట్టాలని నాన్న తీర్మానించారు. అక్కడితో ఆగితే బాగుండేది. వ్రతానికైనా పెళ్ళిచూపులకైనా నడుమ స్తంభం అడ్డు రాకూడదు, హాలు 16 అడుగుల వెడల్పు ఉండాలి అన్నారు. అమ్మకు ఈశాన్యంలో దేవుడి గది, ఆగ్నేయంలో వంటిల్లు. మరదలు ఒడియా వాళ్ళ అమ్మాయి. తులసి చౌరా వాకిట్లో ఉండాలంటుంది, తులసికోట పెరట్లోనే ఉండాలని అమ్మ. గొడవ తెగక రెండూ కట్టేశాం. ఇల్లు సంగతి ఎలా ఉన్నా, తులసమ్మలు ఇద్దరూ చిగుళ్ళేసుకుని సుఖంగా ఉన్నారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటొచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటే, ఇప్పటి ఆంధ్ర వైపే, ఉండిపోయింది. దాని వల్ల మిగతావాళ్ళకు ఏం ఒరిగిందో గానీ, ఇల్లు కట్టేవాడికి మాత్రం రెండు పంచాంగాలు దక్కాయి. మా తాపీమేస్త్రి పాతపట్నం మనిషి, సెంట్రింగ్ వాళ్ళూ కూలీలూ ఇక్కడి ఒడియా కుర్రాళ్ళు. పునాదులు సగం తవ్వామో లేదో, జూన్ నడుమ రజ పండుగ వచ్చింది. ఆ మూడు రోజులూ భూదేవి విశ్రాంతి తీసుకుంటుంది, గునపం తగలకూడదు. తల్లి విశ్రాంతికి మేమెందుకు అడ్డొస్తాం? ఆవిడ లేచేసరికి వానలు దిగి గోతులు నిండాయి. ఆ నీళ్ళు తోడటానికి డీజిలు ఖర్చు నాది.

ఆ తర్వాత ఆషాఢం. ఇది మాత్రం మీకు నిదానంగా చెప్పాలి. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా పాంజిలో, అంటే వాళ్ళ పంచాంగంలో, పౌర్ణమితో ముగుస్తుంది. అంచేత ఆషాఢం వాళ్ళకు ఒక పక్షం ముందే వస్తుంది, మనల్ని ఒక పక్షం ఆలస్యంగా వదులుతుంది. ద్వారబంధం ఎత్తడానికి మన పంతులుగారు జ్యేష్ఠ బహుళంలో ముహూర్తం పెడితే, మరదలి నాన్నగారు "ఆషాఢం వచ్చేసింది కదా, ఎలా ఎత్తుతారు" అన్నారు. సరే, వాళ్ళ ఆషాఢం వెళ్ళాక ఎత్తుదామంటే, మనది ఇంకా నడుస్తోందని అమ్మ. ఇద్దరినీ మన్నించిన పాపానికి మాకు ఆషాఢం నెలన్నర. నడుమ రథయాత్ర. రథం కదిలింది మొదలు బాహుడా (తిరుగు రథయాత్ర) దాకా కుర్రాళ్ళు ఊళ్ళోనే ఉంటారు, పనిలో ఉండరు. సంక్రాంతి మేస్త్రి వాటా. భోగికి రెండు రోజుల ముందు వెళ్ళినవాడు ముక్కనుమ దాటినా తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే "బయల్దేరిపోయానండీ" అంటాడు. పాతపట్నం నుంచి మా ఇంటికి ఆటోలో రావడానికి ఎంతసేపు పడుతుందో మీకూ తెలుసు.

స్థలం కిసం (రికార్డుల్లో భూమి రకం) ఘరబారిగా, అంటే ఇళ్ళ స్థలంగా, మార్పించడం పేచీ లేకుండా అయిపోయింది, దాని గురించి రాయడానికేం లేదు. ఇసుకే ఏడిపించింది. మహేంద్రతనయ ఊరి పక్కనే పారుతోంది, ట్రాక్టరు వాడు మాత్రం వై-ఫారం (ఇసుక తోలడానికి సర్కారు ఇచ్చే పర్మిట్) లేదని చేతులెత్తేశాడు.

ఇక స్లాబు. పిలిచి పిలిచి నోరు పడిపోయినా రాని సెంట్రింగ్ కుర్రాడు, స్లాబు పోసిన వారం తిరక్కుండానే, తెల్లారేసరికి గడ్డపారతో ప్రత్యక్షం. కర్రలు విప్పేస్తాడట! ఇంకో చోట స్లాబుందట. పదహారు అడుగులంటే నాలుగున్నర మీటర్లు దాటుతుంది, అంత వెడల్పుకు కింద కర్రలు 14 రోజులు ఉండాలని ఇంజినీరు రాసిచ్చిన కాగితం చూపించాను. వాడు కాగితం వైపు చూడలేదు. హాలు నిండా నిలబడ్డ సరుగుడు కర్రల్ని చూసి, "హాల్లో స్తంభం ఉండకూడదని పెద్దాయన అన్నారు కదండీ" అన్నాడు. గడువు తీరేదాకా నాన్న ఆ కర్రల పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. నిజానికి ఆ డ్యూటీ మీది. ఆ పొద్దున మీ కోరల ముందు నుంచే వాడు గడ్డపార పట్టుకుని లోపలికి నడిచొచ్చాడు. మీరు వీధి వైపు చూస్తూ ఊరుకున్నారు.

మొన్న దగ్గరికొచ్చి చూశాను. మీ ఎడమ చంకలో కందిరీగలు మట్టితో గూడు కట్టుకున్నాయి. గదులన్నీ ఒకే కొలత, గోడలు నున్నగా ఉన్నాయి. ప్లాను లేదు, ఎస్టిమేట్ లేదు, అడ్వాన్సు అసలే లేదు. ఆ మేస్త్రి ఎవరో కనుక్కుని చెబితే పై అంతస్తు పని వాళ్ళకే ఇస్తాను.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. వీధిని కాసింది చాలు, ఇంటి వైపు తిరగండి. ఆ కోరలేవో పనివాళ్ళకు చూపించండి. రేపు పొద్దున్నే మిమ్మల్ని విప్పి, వెనక్కి తిప్పి కడతాను. ఆ పని నేనే చేసుకోవాలి. మేస్త్రికి చెబితే ముహూర్తం అడుగుతాడు.

ఇట్లు,
తమ సహోద్యోగి

తా.క.: ఎదురింటి వాళ్ళు పునాది తవ్వుతున్నారు. మిమ్మల్ని నాలుగు నెలలకు అరువడిగారు. మీకింకా ఇక్కడ చాలా సర్వీసు ఉందని చెప్పి పంపేశాను.