మూడు తలకాయలకే దుడ్లు

అనంతపురం సుభాష్ రోడ్డులో ఒక షోకేసు ఉంది. షాపు పేరు చెప్పను, చెప్తే ఊరికే ప్రచారం చేసినట్టవుతుంది. అద్దం వెనక పన్నెండు తోలుబొమ్మల ల్యాంప్‌షేడ్లు వరసగా వెలుగుతుంటాయి. పక్కన జనపనార సంచులు, మెడ కింద ఏమీ లేని మట్టి బుద్ధుడు, ఎవరూ తిప్పని రాట్నం. పైన ‘హ్యాండ్‌మేడ్’ అని ఆరడుగుల బోర్డు. ఆ బోర్డు మాత్రం ఫ్లెక్సీ ప్రింటు.

వీటన్నిటినీ క్షమించవచ్చు. క్షమించలేనిది దీపాల ముందు పెట్టిన చిన్న చీటీని. ‘ఇవి చేత్తో చేసినవి. చిన్న చిన్న లోపాలు సహజం. లోపమే వీటి అందం.’

ఈ మూడు ముక్కలు రాసిన మహానుభావుడి కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవాలి. సరుకు బాగాలేదని ముందే ఒప్పుకుని, బాగాలేనందుకు అదనంగా డబ్బు వసూలు చేయడం సీమ వ్యాపారంలో ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు. పాతూరు మార్కెట్లో శెనక్కాయలు అమ్మే అవ్వకు ఈ విద్య తెలిస్తే ఎప్పుడో మేడ కట్టేది. ‘ఇవి చేత్తో పీకిన కాయలు, లొట్టలు సహజం, లొట్టలే వీటి అందం’ అని అట్టముక్క మీద రాసి తగిలించి ఉంటే సరిపోయేది. పాపం ఆమె ఇప్పటికీ పుచ్చులేరి పక్కన పారేస్తోంది. చదువు లేకపోతే ఇంతే.

సరే, లోపమే అందమన్నారు కాబట్టి ఆ అందాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. మొదటి దీపం మీద సీతమ్మ జడలో మూడో పువ్వుకు ఎరుపు రంగు నల్లగీత దాటి బయటికొచ్చింది. చేత్తో చేసింది కదా, సహజం. రెండో దీపం మీద? సీతమ్మ జడలో మూడో పువ్వే. ఎరుపు అక్కడే, అంతే దాటింది. అలా పన్నెండు దీపాల్లోనూ. అంత కచ్చితంగా, నువ్వుగింజంత తేడా లేకుండా పన్నెండుసార్లు తప్పు చేయగల చెయ్యి బ్రహ్మకు కూడా లేదు. అది మిషన్ చెయ్యి. తోలు కాదు, ప్లాస్టిక్ షీటు. పుణ్యాత్ములు లోపాన్ని కూడా అచ్చేయించారు.

తెలియనివాళ్లుంటారు కాబట్టి అసలు సంగతి చెప్పాలి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరుంది. జిల్లాలు విడగొట్టిన 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా లెక్కలో ఉంది గానీ, జనం నోట్లో ఇంకా అనంతపురమే. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరది. ఇంట్లో మరాఠీ, తెర మీద తెలుగు. 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది ఈ పనికే. షోకేసు చీటీ వెనక మాత్రం ‘ట్రైబల్ ఆర్ట్’ అని ఉంది. ఏ తెగ అని అడిగితే సేల్స్ కుర్రాడు కాసేపు ఫ్యాన్ వంక చూసి, ‘అది కంపెనీ వాళ్లకు తెల్చాదన్నా’ అంటాడు.

నిమ్మలకుంటలో వాడేది చెప్పుల తోలు కాదు. చెప్పులకూ బెల్టులకూ ఊనిన, అంటే పదును చేసిన తోలు వాడతారు, దాంట్లోంచి వెలుతురు రాదు. బొమ్మకు కావాల్సింది ఊనని పచ్చితోలు, అదీ మేకతోలు. (పాతకాలంలో దేవుళ్ల బొమ్మలకు జింకతోలు వాడేవారు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఆ మాట ఎత్తకపోవడం మంచిది.) తోలును నానబెట్టి, ఒకవైపు వెంట్రుకలు, రెండోవైపు అంటుకున్న కొవ్వు, కండ పొర గీకేయాలి. కొవ్వు ఎక్కడ మిగిలితే అక్కడ రంగు పట్టదు, నూనె మరకలా కనపడుతుంది, ముసురు పట్టినరోజు వాసన కూడా వేస్తుంది. తర్వాత చుట్టూ మేకులు కొట్టి సాగదీసి ఆరబెట్టాలి. చర్మం ఒలిచేటప్పుడు కత్తి ఒకచోట చిన్న గాటు పెట్టి ఉంటే, తడిలో అది కనపడదు. ఆరేకొద్దీ బిగుసుకుని ఆ గాటు కన్నులా తెరుచుకుంటుంది. అప్పుడు బొమ్మలో ఆ ముక్క ఎక్కడ పనికొస్తుందో చూసుకుని కోసుకోవాలి. లేదంటే పారేయాలి.

ల్యాంప్‌షేడ్‌కైతే ఇనుప తీగ ఫ్రేము. తీగకు ముందు రంగు పూయకపోతే తడి తోలుకు తుప్పు మరక ఎక్కుతుంది, ఆ మరక ఇక పోదు. తడిపిన తోలును ఫ్రేముకు బిగించి కుడితే, ఆరేటప్పుడు మద్దెల మూతలా లాక్కుంటుంది. కుట్టు రంధ్రాలు అంచుకు మరీ దగ్గరగా పడ్డాయా, ఆరే బిగువుకే చిరుగుతాయి. నల్లగీతలు, రంగులు, ఆపైన ఉలి పని. నగలు, చీర అంచు, కిరీటం అన్నీ రంధ్రాలే. దీపం పెడితే ఆ రంధ్రాల్లోంచే నగలు మెరిసేది.

ఒక్క అంచు లెక్క చూడండి. పది అంగుళాల వెడల్పు షేడ్ అనుకుంటే చుట్టుకొలత దాదాపు 80 సెంటీమీటర్లు. నాలుగు మిల్లీమీటర్లకొక చుక్క చొప్పున ఒక వరసకు 200 రంధ్రాలు. పైన రెండు వరసలు, కింద రెండు వరసలు పెడితే 800. సీతమ్మ మెళ్లో ఇంకా నగ పడలేదు, రాముడి కిరీటం మొదలు కాలేదు. ఇది అంచు మాత్రమే. ఉలి నిటారుగా నిలబడాలి. ఒరిగితే రంధ్రం కోలగా పడుతుంది. రెండు రంధ్రాలు మరీ దగ్గరైతే మధ్యనున్న దారమంత తోలు తెగి రెండూ ఒకటవుతాయి, అంచు మొత్తం పన్ను ఊడిన నోరులా కనపడుతుంది. 799 సరిగ్గా కొట్టి 800వది తప్పితే ఆ మనిషి దాన్ని ‘అందం’ అనడు. ఏమంటాడో ఇక్కడ రాయలేం.

గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. దీపం వెలిగించి చూస్తే అసలు తోలులో నరాల జాడలు, వెంట్రుకల కుదుళ్లు కనపడతాయి. మేక వెన్ను ఉన్న భాగం కాస్త మందంగా, ముదురుగా ఉంటుంది. ఉలి దిగిన రంధ్రానికి వెనకవైపు తడిమితే వేలికి గరుకు తగులుతుంది. లేజర్ రంధ్రమైతే అంచు గోధుమరంగుకు మాడి ఉంటుంది. ఆటకు చేసే బొమ్మలకు రెండువైపులా రంగు వేస్తారు. ప్రింటు షీటు వెనక తిప్పితే తెల్లమొహం. ఇక గోటితో కొట్టి చూస్తే చాలు, తోలు డప్పులా పలుకుతుంది, ప్లాస్టిక్ ప్లాస్టిక్‌లా పలుకుతుంది.

ఇంత చెప్పినా షోకేసు ముందు జరిగే కథ వేరు. ఉదాహరణకు ఇలాంటి ఇంకో షోకేసులో రావణాసురుడి దీపం తీసుకోండి. తెర మీద ఆడినప్పుడు పది తలలూ వరసగా పరుచుకుని నిలబడేవాడు, ఊరి పిల్లలు జడుసుకునేవారు. ఇప్పుడాయన్ను గుండ్రటి షేడ్‌కు చుట్టారు. రోడ్డు మీంచి చూస్తే మూడు తలలే. మిగతా ఏడూ గోడ వంక చూస్తుంటాయి.

‘ఏమన్నా, ఈ రావణాసురునికి మూడు తలకాయలే ఉండాయే?’

‘పదీ ఉండాయక్కా. మిగిలినవి ఎనకాల ఉండాయి.’

‘ఎనకాల ఉంటే మాకేమొచ్చె? మేము గోడకానిచ్చి పెట్టుకుంటాము. మూడే కనపడ్తాండాయి, మూడు తలకాయలకే దుడ్లు తీసుకో.’

కుర్రాడు తెలివైనవాడు. అడుగున మోటారున్న స్టాండు ఉందని, దాని మీద పెడితే పది తలలూ వంతులవారీగా వస్తాయని చెప్తాడు, స్టాండు రేటు వేరే. పెట్టి చూపిస్తాడు. లంకేశ్వరుడు కబాబు సెంటర్లో కోడిలా తిరగడం మొదలుపెడతాడు. అంతలో అత్తగారికి అనుమానం వస్తుంది, ఇంట్లో రావణుణ్ని తిప్పితే మంచిదేనా అని. అయితే రాముణ్ని చూపించమంటారు. రాముడి దీపంలో ముందు రాముడు, పక్కన లక్ష్మణుడు, సీతమ్మ వెనకవైపు. గోడకానించి పెడితే ఆమెను మళ్లీ అడవికి పంపినట్టే. కాస్త తిప్పి పెడితే సీతారాములొస్తారు గానీ లక్ష్మణుడు సగానికి తెగుతాడు. మరి కాస్త తిప్పితే ముందుకు కుట్టు వస్తుంది. అరగంట ఇలా వనవాసం జరిగాక అసలు మాట బయటపడుతుంది. ‘మా సోఫా బీజ్ కలరు. రాముడు ఈ నీలం కాకుండా బీజ్‌లో దొరుకుతాడా?’

దొరుకుతాడట. ఆర్డరిస్తే పది రోజుల్లో వస్తాడట. నీలమేఘశ్యాముడన్నవాళ్లకు ఫర్నిచర్ మీద అవగాహన లేదు.

కేతిగాడు, బంగారక్క మాత్రం ఈ షోకేసుల్లో ఎక్కడా లేరు. ఆట మధ్యలో దూరి, ఊరి పెద్దను కూడా వదలకుండా బూతులతో ఉతికేసే జంట అది. వాళ్లను లోపల పెడితే మొదటి గంటలోనే ఆ చీటీ చదివేస్తారు.

ఇక్కడి దాకా నవ్వుకోవచ్చు. పదమూడో దీపం దగ్గర నవ్వు రాదు.

అవును, పదమూడోది ఒకటుంది. షోకేసు పడమటి చివర, మూలన, హనుమంతుడు. అది అసలుది. తోలు అసలుది, ఉలి అసలుది, వెనక రంగు కూడా అసలుది. అంచు రంధ్రాలు దారం పట్టి గీసినట్టున్నాయి. గీత ఎక్కడా జారలేదు. అందుకే ఎవరూ కొనడం లేదు. ‘ఇంత నీటుగా ఉందంటే ఇది మిషన్‌దే’ అని పక్కకు జరుగుతారు. లోపమే అందమని చీటీ పెట్టి నేర్పింది మీరే కదా. ముప్పై ఏళ్లు ఉలి పట్టి తప్పు లేకుండా కొట్టడం నేర్చుకున్న చేతికి ఈ ఊర్లో దొరికిన బహుమానం అనుమానం.

దాని మీద బార్‌కోడు స్టిక్కరు ఎక్కడ అతికించారో తెలుసా? హనుమంతుడి మొహం మీద. పచ్చితోలు మీద వేసిన రంగు అది. స్టిక్కరు పీకితే జిగురుతో పాటు రంగూ లేస్తుంది. పీకినవాడు తడిగుడ్డతో తుడుస్తాడు. తుడిస్తే రంగు కారుతుంది, తోలు మెత్తబడి ఉబ్బుతుంది. మధ్యాహ్నం రెండు దాటితే పడమటి ఎండ నేరుగా అద్దంలోకి దిగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం ఎండ అద్దం వెనక ఎంత కాస్తుందో చెప్పక్కర్లేదు. రంగు వెలిసిపోతుంది, తోలు ఇంకా ఇంకా లాక్కుంటుంది, కుట్లు తెగుతాయి. లోపల ఐదు వాట్ల ఎల్ఈడీ పెట్టమని చేసినవాళ్లు చెప్తారు. వీళ్లు ‘వార్మ్ లుక్’ కోసం 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు పెట్టారు, తోలుకు రెండంగుళాల దూరంలో. ప్లాస్టిక్ దీపాలకు మాత్రం ఎల్ఈడీలే. అవి కరుగుతాయన్న భయం ఉంది మరి.

పాడు చేసింది షాపు. నష్టం ఎవరిది? సరుకు అమ్ముడుపోయాకే డబ్బు, పోకపోతే వాపసు అన్న పద్ధతిలో తెచ్చి పెట్టుకున్నారు కాబట్టి, నష్టం నిమ్మలకుంటది. తోలు కొన్నది వాళ్లు, ఫ్రేము వెల్డింగ్ చేయించింది వాళ్లు, 800 రంధ్రాలూ కొట్టింది వాళ్లు. వీళ్లు నాలుగు నెలలు ఎండలో వేలాడదీసి, మాడ్చి, ‘డ్యామేజీ’ అని బస్సులో వేసి పంపుతారు. ఎండిపోయిన మేకతోలును మళ్లీ మేకను చేయలేం, రంగు వెలిసిన దీపాన్ని మళ్లీ కొత్తది చేయలేం. అప్పుడు మాత్రం ఆ చీటీ పనిచేయదు. షాపులో ఉన్నంతసేపూ లోపం అందం, వాపసు పంపేటప్పుడు లోపం లోపమే. ఇది మామూలు దొంగతనమయ్యా. కాకపోతే మంచి లైటింగ్‌లో జరుగుతోంది.

ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు. ఆ గుర్తింపున్న పేరును వేరే సరుకుకు తగిలించి అమ్మితే 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, 50,000 రూపాయలకు తగ్గకుండా రెండు లక్షల దాకా జరిమానా. ప్లాస్టిక్ సీతమ్మలు పన్నెండుమంది ఆ సెక్షన్ పక్కనే ఏ బెదురూ లేకుండా వెలుగుతున్నారు.

మూలన హనుమంతుడి తోక దగ్గర కుట్టు తెగింది. తోలు పైకి చుట్టుకుంది, మొహం మీద స్టిక్కరు పీకినచోట తెల్లగా బయటపడింది. కుర్రాడు నిచ్చెన వేసి దాన్ని దించి అట్టపెట్టెలో పెడుతున్నాడు. బయట స్కూటర్ ఆపిన పెద్దమనిషి అద్దం మీద తట్టి పిలుస్తాడు.

‘తమ్ముడూ, నిజంగా చేత్తో చేసింది ఇదొక్కటే ఉన్నట్టుంది. ఎంత?’

‘అది అమ్మము సార్. డ్యామేజీ. వాపసు పోతాంది.’