చి॥ ఒంటి బైటుకి ఆశీర్వదించి రాయునది

చిరంజీవి ఒంటి బైటుకి,

నీ శ్రేయోభిలాషి ఆశీర్వదించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు క్షేమంగా లేవని తెలుసు. ఉండుంటే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు, ఆ శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా నేను ఇంట్లో ఉండేవాణ్ణి.

ఆ సాయంత్రం మా టీంలో కుర్రాడొకడు ప్యాచ్, అంటే కోడ్‌లో ఒక మార్పు, సరిచూడమని పంపాడు. డేటాబేస్‌లో జపనీస్ మాటల్ని వరసలో పెట్టే కోడ్ అది. "నలభై లైన్లే అన్నా, ఒక్కసారి చూసేయవా" అన్నాడు. వెయ్యి లైన్ల ప్యాచ్ వస్తే హాయి, ఎవరూ చదవరు, అందరూ బొటనవేలు ఎత్తి సరే అనేస్తారు. నలభై లైన్లదే చచ్చినట్టు చదవాల్సి వస్తుంది. ఇరవై మూడో లైను దగ్గర నువ్వు కనిపించావు. పైన ఒక కామెంట్: "ఇలాంటివి రావు." కింద కోడ్: ఒకవేళ వస్తే, జీరో రిటర్న్ చెయ్.

ఈ ఉత్తరం పక్కనుంచి తొంగిచూసే వాళ్ళకోసం ముందు నీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పనీ. బైటు అంటే కంప్యూటర్ అక్షరాన్ని గుర్తుపెట్టుకునే సంఖ్య, 0 నుంచి 255 దాకా. ఆ సంఖ్యలే గదులనుకుంటే, మొదటి సగం ఇంగ్లిష్ వాళ్ళది. జపాన్‌లో 1969 నాటి ప్రమాణంలోనే సగం వెడల్పు కటకాన (జపనీస్ ధ్వని లిపి) అక్షరాలకి ఒక్కో బైటు ఇచ్చేశారు. 1980ల మొదట్లో చైనా నుంచి వచ్చిన వేల కంజీ అక్షరాల్ని కూడా అదే ఇంట్లో దించాల్సి వచ్చింది. ఇంగ్లిష్ వాళ్ళని ఖాళీ చేయించలేరు, కటకానని కదపలేరు. మిగిలిన ఖాళీ గదుల్లోంచి ఒక బైటుని పట్టుకుని, దానికి ఇంకో బైటుని జత కట్టి, జంటకొక అక్షరం అన్నారు. అదే షిఫ్ట్ జిస్. జంటలో మొదటిది లీడ్ బైటు. రెండోది ట్రైల్ బైటు. ఈ రెండోదానికి విడిగా గది దొరక్క, ఇంగ్లిష్ అక్షరాల ఇంట్లోనే పేయింగ్ గెస్ట్‌గా పెట్టారు.

నువ్వు హెక్స్‌లో, అంటే ప్రోగ్రామర్లు బైట్లని రాసే పదహారు అంకెల లెక్కలో, 95. నీ జత 5సీ. ఆ 5సీ ఒంటరిగా బయట తిరిగితే బ్యాక్‌స్లాష్, అంటే విండోస్‌లో ఫోల్డర్ల మధ్య వేసే వాలు గీత, కోడ్‌లో పక్క గుర్తు అర్థాన్ని మార్చేసేది, ప్రోగ్రామర్లు ఎక్కడ చూసినా ఉలిక్కిపడే గుర్తు. జపాన్ కంప్యూటర్లలో అదే యెన్ గుర్తుగా కనిపిస్తుంది, కొరియాలో వాన్ గుర్తుగా. ఫైల్ ఎక్కడుందో చూద్దామంటే ప్రతి ఫోల్డర్ ముందూ ధర వేసినట్టుంటుంది. సరే, మీరిద్దరూ కలిస్తే వచ్చే కంజీకి అర్థం ఏమిటో తెలుసా? పట్టిక. డేటాబేస్‌లో టేబుల్ అంటామే, జపాన్‌లో దాన్ని రాసే అక్షరం అదే. డేటాబేస్‌ని సరిగ్గా ఏడిపించే అక్షరానికి డేటాబేస్ పేరే పెట్టారు. జపనీస్‌లో సాఫ్ట్‌వేర్ అన్న మాట మొదటి అక్షరం 83, 5సీ. అదీ మీ బంధువే. ఇలాంటివాటిని అక్కడి ప్రోగ్రామర్లు "దమే మోజీ" అంటారు, పనికిమాలిన అక్షరాలని. తైవాన్‌లో 1984లో చైనీస్ అక్షరాల కోసం వచ్చిన బిగ్‌ఫైవ్ పద్ధతిలోనూ ఇదే రోగం. అక్కడ అది ఏకంగా ఒక మామూలు ఇంటిపేరుకే తగులుకుంది. ఆ ఇంట్లో పుట్టిన పాపానికి వాళ్ళు దరఖాస్తు నింపినప్పుడల్లా ఇంటిపేరు సగం తెగిపోవడం చూశారు.

అంత జంటగా ఉన్నదానివి ఒంటికాయ సొంటికొమ్ముగా ఎందుకు మిగిలావు? నీ తప్పేం లేదు నాయనా. ఎవరో కాలమ్‌కి ఇరవై బైట్లు చాలన్నారు. ఇరవయ్యో బైటు దగ్గర కత్తెర పడింది. నువ్వు ఇటు, నీ జత అటు. కత్తెర వేసినవాడికి అక్షరాలు తెలీవు, బైట్లు లెక్కపెట్టడమే తెలుసు. ఇప్పుడు నువ్వు ఇంగ్లిష్ అక్షరానివీ కాదు, కంజీవీ కాదు. రెంటికీ చెడ్డ రేవడివి.

ఇక ఆ ఇరవై మూడో లైను సంగతి. పోల్చే ఫంక్షన్ జీరో రిటర్న్ చేసిందంటే అర్థం "ఇద్దరూ సమానం" అని. అంటే మా కుర్రాడు నిన్ను ఎవరితో పోల్చినా సమానమన్నాడు. వినడానికి ఎంత బాగుందో! ఎన్నికల సభలో చెబితే చప్పట్లు పడేవి. కానీ వరస అన్నాక ఆనంద్ ముందూ వెంకట్ వెనకా ఉండాలి. నువ్వు ఆనంద్‌తో సమానం, వెంకట్‌తోనూ సమానం. మరి ఆనంద్, వెంకట్ సమానమా? కాదు. అక్కడితో ఇండెక్స్, అంటే పేర్లని త్వరగా వెతకడానికి డేటాబేస్ కట్టుకునే కొమ్మల చెట్టు, మొత్తం తికమక. ఆ చెట్టులో ప్రతి మలుపు దగ్గరా "కుడికా, ఎడమకా" అని అడుగుతూ దిగాలి. నీ దగ్గరికొచ్చి అడిగితే నువ్వు "ఎటైనా ఒకటే" అంటావు. ఆ తర్వాత వెంకట్ కోసం వెతికితే వెంకట్ లేడు. ఉన్నాడు, కానీ దొరకడు. అందరితో సమానమైనవాణ్ణి ఒక్కణ్ణి చేర్చినందుకు మిగతావాళ్ళు గల్లంతయ్యారు.

"ఇలాంటివి రావని కదా రాశావు, వస్తే?" అని కుర్రాణ్ణి అడిగాను. "వస్తే చెత్త డేటా అన్నా, గేటు దగ్గరే ఆపాలి" అన్నాడు. నిజమే. కానీ గేటు కట్టకముందే లోపలికొచ్చినవాళ్ళ మాటేమిటి? పాత వెర్షన్ల ఫైళ్ళలోంచి, ఎవరో ఎప్పుడో తీసిన డంపుల్లోంచి నువ్వు ఎప్పుడో వచ్చేసి విస్తరి ముందు కూర్చున్నావు. పంక్తిలో కూర్చున్నవాణ్ణి "నువ్వెవరు, శుభలేఖ ఏది" అని అడిగే హక్కు వడ్డించేవాడికి లేదు. పోల్చే ఫంక్షన్ వడ్డించేవాడి లాంటిది. ముందా, వెనకా, సమానమా, ఈ మూడు మాటలే దాని నోట రావాలి. "నాకు తెలీదు" అనే మాట దానికి నేర్పలేదు.

ప్యాచ్‌కి ముందున్న కోడ్ మాత్రం మహా గొప్పదా? దాని పని నిన్ను చూడగానే పక్క బైటుని చూడటం. మాట అక్కడితో అయిపోయిందా లేదా అన్న ధ్యాస లేదు. నువ్వు చివరి బైటువి. నీ పక్కన ఉన్నది ఇంకెవరిదో వరుసలో మిగిలిన చిల్లర. అందులో ఎవరు తగిలితే వారినిచ్చి నీకు పెళ్ళి చేసేసింది. ఉదయం ఒక పిల్ల, సాయంత్రం ఇంకో పిల్ల. దాంతో అదే పేరు, అదే డేటా, పొద్దున ఒక చోట సాయంత్రం ఇంకో చోట తేలేది. ఇది మెమరీలో గోడ దూకడమని సెక్యూరిటీ వాళ్ళు వేరే ఫైల్ తెరుస్తారు, అది వేరే కథ.

ఇంకో పక్షం కూడా ఉంది. జత కుదిరినా కుదరకపోయినా రెండు బైట్లనీ కలిపి మింగేద్దాం అనేవాళ్ళు. నీ పక్కన కామా ఉంటే కామా పోతుంది, అక్కణ్ణుంచి ఒక్కో గడి ముందుకు జరిగి ఫోన్ నంబర్ వచ్చి ఊరు పేరు గడిలో కూర్చుంటుంది. పక్కన లైను బ్రేక్ ఉంటే ఇద్దరు కస్టమర్లు ఒక్కరైపోతారు. పక్కన కోట్ గుర్తు ఉంటే మాట ఎక్కడ ముగిసిందో ఎవరికీ తెలీదు. ఈ కిటుకు మీద దొంగలు కూడా బతికారు. చైనాలో అక్షరాలకి బైట్లు పంచే జీబీకే పద్ధతిలో మీ బంధువు బీఎఫ్ ఉందే, దాన్ని కోట్ ముందు పెట్టి పంపేవాళ్ళు. వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో కాపలా కాసే ఒక పాత ఫంక్షన్ కోట్‌ని చూసి, దొంగని కట్టేయడానికి 5సీ అనే తాడు తెచ్చి మధ్యలో పెట్టేది. బీఎఫ్ వెంటనే ఆ 5సీ చెయ్యి పట్టుకుని అచ్చమైన హాంజీ (చైనీస్) అక్షరంగా మారిపోయేది. తాడు పెళ్ళికూతురైపోయింది, కోట్ విడుదలైపోయింది. 2006లో ఈ చిట్కా బాగా పేరు మోసింది.

నేను రివ్యూలో రాసింది ఇది: జత కుదరకపోతే నిన్నొక్కణ్ణే తీసుకో, పక్కవాణ్ణి ముట్టుకోకు. నీకు ఎఫ్‌ఎఫ్ 95 అని బరువు, అంటే వరసలో చోటు చెప్పే సంఖ్య, ఇవ్వు. షిఫ్ట్ జిస్‌లో సరైన అక్షరం ఏదీ ఎఫ్‌సీ ఎఫ్‌సీని దాటదు కాబట్టి, ఎఫ్‌ఎఫ్ తగిలించినవాళ్ళంతా పంక్తి చివర కూర్చుంటారు. అక్కడ కూడా 95 ముందు, 96 తర్వాత. గౌరవమైన చోటు కాదని నాకూ తెలుసు. కానీ ఎప్పుడొచ్చినా అదే చోటు. ఇంతకన్నా నీకు ఏ ప్రోగ్రామరూ ఇచ్చింది లేదు.

ఈ మాట మూడు చోట్ల రాయాలి. ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి పోల్చే ఫంక్షన్ ఒకటి, ఇండెక్స్ దాంతో నడుస్తుంది. ముందే బరువుల చీటీలు రాసుకుని చీటీలనే పోల్చేది ఇంకోటి, పెద్ద సార్టింగ్‌లు దాంతో. ఒకేలాంటివాళ్ళని ఒకే బుట్టలో వేసే హాష్ మూడోది. ముగ్గురు సాక్షులూ ఒకే మాట చెప్పకపోతే కేసు కొట్టేస్తారు. మా ప్యాచ్‌లో ఒకడు సమానమన్నాడు, ఒకడు 95 అన్నాడు, మూడోవాడు నిన్ను చూడనే లేదన్నాడు. ఇండెక్స్ ఉన్నప్పుడు ఒక వరస, తీసేస్తే ఇంకో వరస.

దీని మీద చర్చ జరుగుతుందనుకున్నాను. జరిగింది, పంతొమ్మిది కామెంట్లు. అన్నీ వేరియబుల్ పేరు గురించి. "చెడ్డ" అని పెట్టాలా, "పాడైన" అని పెట్టాలా. ఒక పెద్దమనిషి "చెడ్డ" అంటే నిన్ను అవమానించినట్టు ఉంటుందన్నాడు. పంతొమ్మిదిలో ఒక్కరూ నీ గోడ దూకుడు గురించి అడగలేదు. నాకు టెన్షన్ వచ్చి "పేరు ఏదైనా పెట్టండి, టెస్ట్ కేస్ ఎక్కడ" అన్నాను. టెస్ట్‌లో కూడా అన్నీ జంట అక్షరాలే. ఒంటివాడు ఒక్కడూ లేడు.

చివరికి సోమవారం ప్యాచ్ లోపలికి వెళ్ళింది. నీకు చోటు దొరికిందని సంబరపడకు. వరస నియమం మారింది కాబట్టి పాత నియమంతో కట్టిన ఇండెక్సులన్నీ ఇప్పుడు అబద్ధాలే, మళ్ళీ కట్టాలి. 2018 ఆగస్టులో లినక్స్‌లోని గ్లిబ్‌సీ అనే లైబ్రరీ 2.28 వెర్షన్ వచ్చి వరస నియమాలు మార్చినప్పుడు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడే చాలామందికి ఇదే అనుభవం. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేశారు, ఉన్న పేర్లు కనిపించకుండా పోయాయి. తప్పు సరిదిద్దినా దండన కస్టమర్‌కే.

మావాళ్ళు "మనది యూటీఎఫ్-8 కదా, మనకేంటి" అంటారు. అన్ని భాషల అక్షరాలకీ బైట్లు పంచే పద్ధతి అది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ప్రోగ్రామర్లు న్యూజెర్సీలో ఒక డైనర్‌లో భోజనం బల్ల మీద కాగితంపై దాన్ని గీసినప్పుడు, జంటలోని రెండో బైటు ఇంగ్లిష్ ఇంట్లో అద్దెకుండకుండా జాగ్రత్తపడ్డారు. దండం పెట్టాలి. కానీ కత్తెరని వాళ్ళు కూడా ఆపలేరు. పైగా మనవాళ్ళు తెలుగుని, పడమటి యూరప్ భాషల కోసం చేసిన లాటిన్-1 కాలమ్‌లో పోసిన రోజులున్నాయి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో 5.7 వెర్షన్ దాకా ఏమీ అడక్కపోతే వచ్చేది అదే, వరస కూడా స్వీడన్ పద్ధతి. మన కథలు, కవితలు నెత్తిన గీత ఉన్న ఏ అక్షరం, పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ ఏ, మళ్ళీ డిగ్రీ, ఇలా వెలిగాయి. సాహిత్య పేజీ తెరిస్తే జ్వరం చార్టులా ఉండేది. ఆ జ్వరాన్ని స్వీడిష్ అక్షరక్రమంలో సర్ది పెట్టేవాళ్ళు.

ఉంటాను. కస్టమర్‌కి ఇండెక్సులు మళ్ళీ కట్టమని మెయిల్ రాయాలి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి,
శ్రీని

తా.క.: పూర్తి పేరు శ్రీనివాసరావు, తెలుగులో ముప్పై తొమ్మిది బైట్లు. ఒక ఆఫీసువాళ్ళు నాకిచ్చిన కార్డులో ఇరవై బైట్లే పట్టాయి. తెలుగులో అక్షరం, పొల్లు, గుణింతం ఒక్కోటీ ఒక కోడ్, ఒక్కో కోడ్‌కి మూడు బైట్లు. ఆరు కోడ్లు పద్దెనిమిది బైట్లకి "శ్రీని" అయింది. "వా"లోని "వ"కి మూడు బైట్లు కావాలి, రెండే మిగిలాయి. ఆ రెండూ ఇప్పుడు నా పేరు చివర ఒక నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం పెట్టుకుని కూర్చున్నాయి. వాళ్ళ లిస్టులో నేను చివరి పేజీలో ఉన్నాను.